కుస్తీ పట్టని వస్తాదు

పర్షియన్ కవి సాదీ రాసిన గులిస్తాన్‌లో ఒక వస్తాదు కథ ఉంది. ఆయనకు 360 పట్లు తెలుసు. ముచ్చటపడి చేరదీసిన శిష్యుడికి 359 నేర్పి, ఒక్కటి దాచుకున్నాడు. కుర్రాడు కండపట్టాక, బలంలో గురువుకు తీసిపోనని రాజసభలో గొప్పలకు పోయాడు. రాజు ఇద్దరినీ గోదాలోకి దింపాడు. దాచుకున్న ఆ ఒక్క పట్టుతో ముసలాయన శిష్యుణ్ణి తలమీదికెత్తి నేలకేసి కొట్టాడు. ఆఖరి పట్టు గురువు చెప్పడన్న మాట మన తాలింఖానాల్లోనూ వినిపించేదే. విద్య చేతిలో ఉన్నంతకాలమే అన్నం పెడుతుంది కాబట్టి, దాచుకున్నవాణ్ణి తప్పుపట్టలేం.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రపు ఒక వ్యవసాయ కాలేజీలో 1916 నుంచి కుస్తీ నేర్పిన ఎడ్ గ్యాలగర్ లెక్క వేరు. తాను రూపొందించిన పట్లు 300 దాటాయని ఆయన పేరిట చెబుతారు. ఆయన వాటిని దాచుకోలేదు సరికదా, పుస్తకం రాసి అచ్చేయించాడు. ఇంకో విచిత్రం, గోదాలో దిగి పోటీపడ్డ మల్లుడు కూడా కాడాయన.

గ్యాలగర్ 1887లో కాన్సస్‌లోని పెర్త్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్ ఊళ్ళో ఓక్లహోమా అగ్రికల్చరల్ అండ్ మెకానికల్ కాలేజీలో చదివి, 1909లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. పేరులోని అగ్రికల్చరల్, మెకానికల్ మాటల మొదటి ఆంగ్లాక్షరాల వల్ల అంతా దాన్ని ఏ అండ్ ఎం అనేవాళ్ళు. ఇప్పటి ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ అదే, పేరు మారింది 1957లో. చదువుకునే రోజుల్లో ఆయన ఫుట్‌బాల్‌లో మెరిశాడు, వంద గజాల పరుగులో మెరిశాడు. కాన్సస్‌లోని బేకర్ యూనివర్సిటీలో రెండేళ్ళు ఆటలు నేర్పి, 1915లో పాత కాలేజీకే క్రీడల పెద్దగా తిరిగొచ్చాడు. కుస్తీ జట్టు ఆ ఉద్యోగంతో పాటు మీదపడ్డ పనుల్లో ఒకటి.

అప్పటికి అమెరికాలో కుస్తీకి రెండు మొహాలు. డబ్బిచ్చి చూసే కుస్తీ ఒకటి. అయోవా రైతుబిడ్డ ఫ్రాంక్ గాచ్ 1908లో షికాగోలో జార్జి హ్యాకెన్‌ష్మిట్‌ను ఓడించాక అది ఊరూరా మోగిపోయింది. తర్వాత ముందే మాట్లాడుకుని పడే కుస్తీలు పెరిగి నమ్మకం పోగొట్టుకుంది. రెండోది కాలేజీ కుర్రాళ్ళ కుస్తీ. తూర్పు తీరపు పెద్ద విశ్వవిద్యాలయాల్లో అది పాతుకుపోయింది. ఓక్లహోమాకు రాష్ట్ర హోదా వచ్చిందే 1907లో. అక్కడ ఈ విద్య తెలిసిన పెద్దవాళ్ళూ లేరు, అడిగి తెలుసుకోవడానికి తాలింఖానాలూ లేవు. గ్యాలగర్ తనకు తెలిసిన రెండు విద్యలను దగ్గర పెట్టుకున్నాడు. ఒకటి ఇంజనీరింగు, రెండోది మనిషి ఒంటి నిర్మాణం.

మంచి మల్లుణ్ణి ఈ పట్టు ఎలా వేశావని అడిగితే, చేసి చూపిస్తాడు తప్ప చెప్పలేడు. చేతికి వచ్చినది నోటికి రాదు. గ్యాలగర్‌కు చేతికి రాలేదు కాబట్టే ముందు బుర్రకు ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఇది నా ఊహే అయినా, ఆయన పనిచేసిన తీరు దానికి సరిపోతుంది. పట్టు అనేది ఆయన దృష్టిలో మీట. ఆనిక ఎక్కడ, బలం ఎక్కడ పడుతోంది, బరువు ఎక్కడ ఉంది అన్నవే ప్రశ్నలు.

అందరికీ తెలిసిన హాఫ్ నెల్సన్‌నే తీసుకుందాం. ప్రత్యర్థి బోర్లా ఉన్నాడు, వాణ్ణి వెల్లకిలా తిప్పి రెండు భుజాలూ నేలకు ఆనించాలి. నడుం పట్టుకుని తిప్పబోతే వాడి ఒళ్ళంతా అడ్డం తిరుగుతుంది. అదే చంక కిందినుంచి చెయ్యి దూర్చి, అరచేతిని మెడ వెనక వేసి, తలను కిందికి నొక్కుతూ చంకను పైకి లేపితే, పనంతా ముంజేయి చూసుకుంటుంది. గడ్డపారతో బండను లేపేవాడు బండకు దూరంగా, కొసన పట్టుకుంటాడు కదా, ఇక్కడ ఆ దూరపు కొస మనిషి తల. తల తిరిగినవైపు వెన్ను తిరుగుతుంది, వెన్ను వెంట భుజాలు. దీనికి విరుగుడూ ఆ లెక్కలోంచే పుడుతుంది. తల పైకెత్తి ఉంచి, మోచేతిని పక్కటెముకలకు బిగించి చంక మూసేస్తే మీటకు ఆనిక దొరకదు. ఆ విరుగుడుకు మళ్ళీ విరుగుడు ఉంటుంది. ఇలా కొమ్మకు కొమ్మగా సాగిన చెట్టును మొత్తంగా గీసిపెట్టడమే గ్యాలగర్ చేసిన పని. 300 అన్న అంకె చూసి మనం నోరు తెరుస్తాం గానీ, అసలు సంగతి ఏ పట్టు తర్వాత ఏది రావాలన్న వరస. ఆ వరస ఉన్నందువల్లే, ఎన్నడూ కుస్తీ చూడని పొలం పిల్లవాడికి కూడా మొదటి రోజు మొదటి పాఠం ఉండేది.

1925లో ఆయన పుస్తకం వచ్చింది. ఎదుటి జట్టు కోచ్ కూడా కొనుక్కుని చదువుకోవచ్చు. చదువుకున్నారు కూడా. అయినా 24 ఏళ్ళ కోచింగులో ఆయన జట్టు ముఖాముఖి పోటీల్లో 138 గెలిచి, 5 ఓడి, 4 సమం చేసింది. 19 సీజన్లలో ఒక్క ఓటమీ లేదు. అమెరికా కాలేజీలన్నిటికీ కలిపి అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే కుస్తీ పోటీలు 1928లో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో మొదలయ్యాయి. ఆనాటి నుంచి 1940 దాకా జరిగిన 13 పోటీల్లో 11 సార్లు పైచేయి స్టిల్‌వాటర్‌దే. తొలినాళ్ళలో కొన్నేళ్ళు జట్టు విజేతను అధికారికంగా ప్రకటించేవాళ్ళు కాదనుకోండి, పాయింట్లు కూడితే తేలేది అదే. 1932లో ఇండియానా, 1936లో పక్కనే ఉన్న ఓక్లహోమా యూనివర్సిటీ మాత్రం అడ్డుపడ్డాయి.

గ్యాలగర్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ హైస్కూళ్ళకు కోచ్‌లుగా వెళ్ళారు. వాళ్ళు తయారుచేసిన పిల్లలు తిరిగి కాలేజీకి వచ్చారు. కుషింగ్, పెర్రీ లాంటి చిన్న పట్టణాలు కుస్తీ ఊళ్ళయ్యాయి. 1932 లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులిద్దరు స్వర్ణాలు తెచ్చారు. ఒకరు కుషింగ్ కుర్రాడు బాబీ పియర్స్, మరొకరు పెర్రీ నుంచి వచ్చిన జాక్ వాన్ బెబర్. వాన్ బెబర్ గురించి ఒక కథ చెబుతారు. తన ఆఖరి కుస్తీ వేళ ముందుకు జరిగిందని ఆలస్యంగా తెలిసి, ఆరు మైళ్ళ దూరంలోని గోదాకు ఎండలో నడక మొదలుపెట్టాడట. దారిలో ఎవరో పుణ్యాత్ముడు కారెక్కించుకోబట్టి సమయానికి చేరాడంటారు. నాలుగేళ్ళకు బెర్లిన్‌లో ఫ్రాంక్ లూయిస్ మరో స్వర్ణం గెలిచాడు. ఇతనూ కుషింగ్ వాడే. దుమ్ము తుఫానులు, కరువు, వలసలతో ఓక్లహోమా నలిగిపోతున్న పదేళ్ళవి. పరుపు, చెడ్డీ ఉంటే చాలు జరిగిపోయే ఆట ఆ రోజుల్లో అక్కడ నాటుకోవడంలో వింతేమీ లేదు.

చివరి సంవత్సరాల్లో గ్యాలగర్‌ను పార్కిన్‌సన్స్ వ్యాధి పట్టుకుంది. పట్టులో చేతివేళ్ళు ఎటు ఉండాలో జీవితమంతా చెప్పిన మనిషికి చేతులు వణకడం మొదలైంది. అయినా పోటీల్లో జట్టు పక్కన కూర్చునేవాడు. 1938లో కాలేజీ కట్టిన కొత్త క్రీడాభవనానికి ఆయన బతికుండగానే ఆయన పేరు పెట్టారు. తర్వాత బాస్కెట్‌బాల్ కోచ్ హెన్రీ ఐబా పేరు కూడా చేరి, ఇప్పుడది గ్యాలగర్-ఐబా అరీనా. 1940లో జట్టు మరోసారి ఎన్‌సీఏఏ గెలిచింది. అదే ఏడాది ఆయన పోయాడు.

ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరైనా జంకుతారు. టల్సా సెంట్రల్ హైస్కూల్ కోచ్ ఆర్ట్ గ్రిఫిత్ వచ్చాడు. స్కూలు జట్టుతో 100 ముఖాముఖి పోటీల్లో 94 గెలిపించినవాడు. గ్రిఫిత్ చేసిన మార్పు పట్టులో కాదు, గెలుపును కొలిచే తీరులో. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అదే.

అంతకు ముందు కాలేజీ కుస్తీలో ప్రత్యర్థిని చిత్తు చేస్తే, అంటే భుజాలు రెండూ పరుపుకు ఆనించి బిగించి ఉంచితే, గొడవే లేదు. చిత్తు కాకపోతేనే చిక్కు. అప్పుడు గడియారం చూసేవాళ్ళు. ఎవరు ఎంతసేపు పైన ఉండి ఎదుటివాణ్ణి అదుపులో పెట్టారో స్టాప్‌వాచ్‌లతో లెక్కగట్టి, తేడా తగినంత ఉంటే ఎక్కువసేపు పైన ఉన్నవాడిని విజేత అనేవాళ్ళు. తేడా చాలకపోతే తీర్పు రిఫరీది. ఫలితం ఊహించుకోవచ్చు. ఒకసారి పైకెక్కినవాడు తిప్పే ప్రయత్నం చేస్తే పట్టు జారే ప్రమాదం ఉంది కాబట్టి, వీపు మీద బల్లిలా అతుక్కుని నిమిషాలు గడిపేవాడు. కిందివాడు మూడుసార్లు విడిపించుకుని లేచినా దానికి విలువ లేదు. జనం ఆవులించేవాళ్ళు. రిఫరీ తీర్పు వచ్చినప్పుడల్లా తగువులు.

గ్రిఫిత్ ప్రతి ఎత్తుకూ ఒక విలువ కట్టాలన్నాడు. నిలబడ్డవాణ్ణి పడేసి అదుపు సాధిస్తే కొన్ని పాయింట్లు, కింద ఉన్నవాడు విడిపించుకుంటే కొన్ని, కింద ఉన్నవాడే పైవాణ్ణి కిందికి తెస్తే కొన్ని, భుజాలను దాదాపు నేలకు దించితే కొన్ని. 1941 ఎన్‌సీఏఏ పోటీల్లో ఈ పాయింట్ల పద్ధతి మొదటిసారి అమలైంది. గ్రిఫిత్‌కు కాలేజీ కోచ్‌గా అదే మొదటి ఏడు, ఆ ఏడు గెలిచింది ఆయన జట్టే. తర్వాత దశాబ్దాలపాటు నిలిచిన లెక్క ఇది: పడేస్తే 2, విడిపించుకుంటే 1, తిరగబడి పైకొస్తే 2. పాత గడియారాన్ని పూర్తిగా పారేయలేదు. ప్రత్యర్థికంటే నిమిషం ఎక్కువసేపు పైన ఉన్నవాడికి ఇప్పటికీ ఒక పాయింటు ఇస్తారు.

పైకి చూస్తే ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. కానీ లెక్క మారగానే కుస్తీయే మారింది. కింద పడ్డవాడికి లేవడంలో లాభం వచ్చింది. నిలబడి కాళ్ళకోసం దూకడానికి లాభం వచ్చింది. ప్రేక్షకుడు ఏ క్షణంలోనైనా బోర్డు చూసి ఎవరు ముందున్నారో చెప్పగలిగాడు. గ్యాలగర్ గీసిన చెట్టులో ఏ కొమ్మ ఎక్కువ ఎదగాలో ఈ అంకెలు తేల్చేశాయి. గ్రిఫిత్ 1956 దాకా ఉన్నాడు. యుద్ధం వల్ల 1943 నుంచి 1945 దాకా ఎన్‌సీఏఏ పోటీలే లేకపోయినా, ఆయన ఖాతాలో 8 జట్టు విజయాలు చేరాయి.

1948 లండన్ ఒలింపిక్స్‌కు అమెరికా కుస్తీ జట్టు కోచ్‌గా వెళ్ళింది కూడా గ్రిఫిత్. మనవాళ్ళకు ఆ లండన్ మరో రకంగా గుర్తుండాలి. మహారాష్ట్రలోని కరాడ్ దగ్గర గోళేశ్వర్ నుంచి వెళ్ళిన ఖాశాబా జాధవ్ మట్టి గోదాల్లో పెరిగినవాడు. పరుపు కొత్త, అంతర్జాతీయ నిబంధనలు కొత్త. ఫ్లైవెయిట్‌లో అతను ఓడించినవాళ్ళలో అమెరికా తరఫున వచ్చిన బిల్లీ జెర్నిగన్ ఉన్నాడు. జాధవ్ ఆరో స్థానంలో నిలిచాడు. నాలుగేళ్ళకు హెల్సింకీలో కాంస్యం గెలిచి, స్వతంత్ర భారతానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చాడు. పుస్తకాలకెక్కిన విద్యను తండ్రి దగ్గర మట్టిలో నేర్చిన విద్య ఓడించడం చూస్తే గ్యాలగర్ ఏమనేవాడో గానీ, కాగితం పెన్సిలు తీసుకుని జాధవ్ కాళ్ళు ఎక్కడ పెట్టాడో గీసుకునేవాడని నా అనుమానం.

ఆ లండన్ జట్టుకు మేనేజరు క్లిఫ్ కీన్. ఇతను గ్యాలగర్ సొంత శిష్యుడు. 1924 ఒలింపిక్స్‌కు వెళ్ళాల్సినవాడు గాయంతో ఆగిపోయాడు. 1925లో మిషిగన్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్ళి, 1970 దాకా, అంటే 45 ఏళ్ళు, అదే పనిలో ఉన్నాడు. మధ్యలో అక్కడే లా చదివి పట్టా తీసుకున్నాడు. ఫుట్‌బాల్ జట్టుకూ సహాయ కోచ్‌గా పనిచేశాడు. అన్నేళ్ళు గోదా పక్కన కూర్చున్నవాడికి ప్రతి సీజన్లోనూ కనబడే దృశ్యం ఒకటుంది, చితికిన చెవులు.

పరుపుకు, ఎదుటివాడి తలకు చెవి రాసుకుని నలిగినప్పుడు, మృదులాస్థికీ దాని మీది పొరకూ మధ్య రక్తం చేరుతుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, ఆ పొర నుంచే దానికి తిండి. పొర విడిపోతే అది చచ్చుబడుతుంది. చేరిన రక్తాన్ని వెంటనే తీయించకపోతే ఆ ఖాళీలో గట్టి కణజాలం ముద్దలు కట్టి చెవి కాలీఫ్లవర్‌లా మారిపోతుంది, ఇక జన్మలో పూర్వరూపానికి రాదు. మన పహిల్వాన్లకు ఆ చెవి పతకంతో సమానం. ఉత్తరాది అఖాడాల్లో దాన్ని చూసే మనిషిని అంచనా వేస్తారు. కాలేజీ పిల్లల తల్లిదండ్రులకు అందులో గర్వం కనబడకపోవచ్చు. చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్ళాల్సిన కుర్రాళ్ళు వాళ్ళు. కీన్ చెవులకు కవచం రూపొందించే పనిలో పడ్డాడు. కవచం గట్టిగా ఉంటే ఎదుటివాడికి తగులుతుంది, మెత్తగా ఉంటే చెవి నలుగుతుంది. పట్టీలు వదులైతే ఊడుతుంది, బిగిస్తే గొంతు నొక్కుతుంది. వినపడాలి కూడా, లేకపోతే రిఫరీ ఈల తెలియదు. చెవి చుట్టూ గిన్నెలా నిలిచి, ఒత్తిడిని చెవి మీద కాక పుర్రె మీద పడేలా చేసే అమరికతో ఇది కుదిరింది. 1958లో ఆయన పెట్టిన సంస్థ ఇప్పటికీ ఆ కవచాలు అమ్ముతోంది. కోచ్‌గా ఆయనెవరో తెలియని స్కూలు పిల్లలకు కూడా కీన్ పేరు చెవి మీది ముద్రగా తెలుసు.

స్టిల్‌వాటర్‌లో గ్రిఫిత్ తర్వాత అతని శిష్యుడు మైరన్ రోడరిక్ వచ్చాడు. పాతికేళ్ళు నిండకుండానే 1958లో జట్టును జాతీయ విజేతగా నిలబెట్టాడు. మొత్తం 7 సార్లు గెలిపించాడు. అతని దగ్గర చదువుకున్న జపాన్ కుర్రాడు యోజిరో ఉయెతాకే కాలేజీ కుస్తీలో ఒక్కసారీ ఓడకుండా వెళ్ళి, 1964లో టోక్యోలో, 1968లో మెక్సికోలో జపాన్‌కు స్వర్ణాలు తెచ్చాడు. మధ్య కాలాన్ని వదిలేస్తే, చెప్పుకోవాల్సిన తర్వాతి పేరు జాన్ స్మిత్. 1987 నుంచి 1992 దాకా ఏటా ప్రపంచ విజేతో, ఒలింపిక్ విజేతో అయిన స్మిత్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది అతని కాలిపట్టు. మోకాలిని పట్టుకోవడం అందరికీ అలవాటు. అతను ఇంకా కిందికి, దాదాపు నేల మీద పాకినట్టు దూరి చీలమండను, మడమను పట్టేవాడు. బరువంతా పైనున్న మనిషికి అట్టడుగున ఆనిక తప్పిపోతే నిలబడే దారి లేదు. గ్యాలగర్ లెక్కే అది, కొస మాత్రం ఇంకా దూరం జరిగింది. స్మిత్ ఆటగాడిగా పతకాలు గెలుస్తున్న కాలంలోనే కోచ్ పని మొదలుపెట్టి 2024 దాకా కొనసాగాడు. 5 ఎన్‌సీఏఏ విజయాలు తెచ్చాడు. అతని పట్టును ఇప్పుడు ఏ దేశపు పిల్లలైనా వీడియోలు చూసి సాధన చేస్తున్నారు.

పాయింట్ల లెక్క కూడా అక్కడే ఆగలేదు. పడేసినవాడికి 2, లేచినవాడికి 1 ఉన్నంతకాలం, పడేసి, కావాలని వదిలేసి, మళ్ళీ పడేయడం ఒక వ్యూహం. అలా చేసిన ప్రతిసారీ నికరంగా మిగిలేది ఒక్కటే. నిలబడి తలపడడానికి ఇంకా ఊతమివ్వాలని, 2023-24 సీజన్ నుంచి ఎన్‌సీఏఏ పడేసినందుకు ఇచ్చే విలువను 3 చేసింది. స్మిత్ తన ఆఖరి సీజన్‌ను ఆ కొత్త లెక్కలోనే ఆడించాడు. అతని తర్వాత వచ్చిన డేవిడ్ టేలర్, పెన్ స్టేట్ యూనివర్సిటీలో చదివి టోక్యోలో స్వర్ణం గెలిచినవాడు, స్టిల్‌వాటర్ కుర్రాళ్ళకు మొదటి రోజు నుంచే మూడు పాయింట్ల కుస్తీ నేర్పుతున్నాడు.